అమ్మను అక్కా అన్నోడు

అరబ్బుల దేశంల, అల్ షహానియాల ఒంటెలకు గడ్డి వేసుకుంట ఫోన్ మాట్లాడుతుంటే, జలంధర్ గూడ ఒంటె లెక్కనే మెడ సాపి నా మాటలు విన్నడు. నా కొడుక్కు పిల్లనిస్తనన్న మనిషాయన.

"బావా, అవతలి గొంతు ముసలామెది. అక్కా అంటున్నవు. మీ అమ్మ గదా?"

"అయితేంది?"

"మన సరిహద్దు ఊర్ల బైపాసు పడేదాక లారీలోళ్ల కోసం ఎర్రలైట్ల గల్లీ ఉండె. గిరాకులకు తెల్వొద్దని అక్కడి పిల్లలు కన్నతల్లిని అక్కా అంటుండిరి. నువ్వు ఆ గల్లీవాడివైతే సంబంధం క్యాన్సిల్."

"గిరాకులు పోయినంక ఏమంటుండిరి?" అని అమాయకంగ అడిగిన.

"చెవుల మెల్లగ అమ్మా అంటుంటిమి..." అని నాలిక కరుసుకున్నడు.

"యల్లా, ఇగ నడువు బావా! పెండ్లికి మీ అక్కను గూడ తోల్కరా. మా అక్కకు తోడుంటది."