బోర్లించిన ఫోను

రేపల్లె బండిలో ఇర్షాద్‌ని చూసి షాహీన్ టీచర్ పక్కకు జరిగి చోటిచ్చింది. ఒకప్పుడు ఆమె దగ్గర చదువుకున్న అతను ఇప్పుడు తెనాలిలో సోషల్ మాస్టారు.

"మన సోషల్ టీచర్ల ఆన్‌లైన్ ట్రైనింగ్ అయిందా టీచర్?"

"సర్టిఫికెట్ కూడా వచ్చేసిందిరా."

ఆ ట్రైనింగ్ రోజుల్లో ఇంట్లో సౌండు తీసేసి, ఫోను వంటగట్టు మీద బోర్లించి, వీడియోలు నడుస్తుండగా ఆమె కూర వండుకుంది. స్కూల్లో అందరూ చేసే పనే.

"చరిత్ర పాఠం వీడియో చూశారా మరి?"

"చూడకుండా ఎలా? ఆయనెవరో గానీ చాలా బాగా చెప్పారు."

ఇర్షాద్ నవ్వు సగంలో ఆగిపోయింది.

"అది నేనే టీచర్. అలా చెప్పడం మీ దగ్గరే నేర్చుకున్నానని అందులో మీ పేరు కూడా చెప్పాను."

ఆమె చూపు చెప్పుల మీదికి దిగింది.

"రైల్లో చూసుంటార్లెండి," అన్నాడతనే మెల్లగా. "ఈ కుదుపుల్లో సరిగా కనపడదు. ఈ గోలలో వినపడదు కూడా."

అవునన్నట్టు తలూపింది షాహీన్ టీచర్.