చుక్కకు రెండు పక్కలా నలుపు

"ఈ నల్ల పట్టీలు తీసెయ్యప్పా ధనుంజయా. నా ఆవును యాల జైల్లో పెట్టినావు?" అన్నాడు నారాయణప్ప.

మదనపల్లెలో ధనుంజయది చిన్న స్టూడియో. పాత వీడియో క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించి ఇవ్వడం అతని పని. తెర మీద నారాయణప్ప వాళ్ల పుంగనూరు ఆవు చుక్క, పాతికేళ్ల కిందట, ఇంటి ముందర కుడితి తాగుతోంది. బొమ్మ మధ్యలో ఉంది. దానికి అటొకటి, ఇటొకటి నల్ల పట్టీలు.

"అన్నా, అప్పటి టీవీ చదరంగా ఉండె. ఇప్పటి తెర అడ్డం పొడుగు. బొమ్మ చాలదు. చాలని కాడ నలుపు పెట్టినా. అట్లా పెట్టకుండా తెరంతా నింపాలంటే బొమ్మను అడ్డంగా లాగాల."

"లాగు. ఏమవతాది?"

"ఆవు సాగతాది. లావుగా, పొట్టిగా కనపడతాది."

నారాయణప్ప కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"పొట్టిగానా? ఏదీ, లాగు సూస్తాం."

ధనుంజయ లాగాడు. నలుపు పోయింది. చుక్క తెరంతా పరుచుకుంది. కాళ్లు కురచగా, పొట్ట నేలను తాకేటట్టు కనిపించింది.

"వీడియో అంటే ఇదప్పా. ఇదే ఎక్కించు యూట్యూబులో."

పుంగనూరు జాతిలో ఆవు ఎంత పొట్టిదైతే అంత గొప్ప. ఆదివారం పుంగనూరులో ఆవులు సాకేవాళ్ల సభ ఉంది. యూట్యూబులో ఎక్కించిన పాత వీడియోలన్నీ పెద్ద తెర మీద వేస్తారు. అన్నిటికంటే మేలైన పాత ఆవు పేరును రాతి మీద చెక్కించి, ఆ ఇంటి ముందర నాటుతారు. నారాయణప్ప నెల రోజులుగా ఆ రాయి గురించే మాట్లాడుతున్నాడు. ఎక్కడ నాటాలో చోటు కూడా చూసి పెట్టుకున్నాడు.

వెనక బెంచీ మీద కూర్చున్న అతని తల్లి సిద్ధమ్మ లేచి వచ్చింది. ఎనభై దాటినా ఆమె వీపు వంగలేదు.

"ఏందది?"

"మన చుక్కమ్మా."

"చుక్క యాడిది? ఎవురిదో పందిని తెచ్చి పెట్టినట్టుండాది."

"పొట్టిగా కనపడాలని లాగించినా."

"అది పుట్టిందే పొట్టిగా. దాన్ని ఇంగా పొట్టి చేసేదానికి నువ్వెవురు? ఆ మెడ సూడు, ఎట్లా పాడు చేసినారో. మహారాణి మాదిరి నడిచేదిరా అది. ఉన్నేది ఉన్నట్టు పెట్టమను."

"అట్లా పెడితే రాయి దేవరాజులుకు పోతాది. ఇది సూడు ముందర."

నారాయణప్ప ఫోన్ తీసి చూపించాడు. కుప్పం దేవరాజులు పది రోజుల కిందట యూట్యూబులో ఎక్కించిన వీడియో. ఎప్పుడో రామసముద్రం పరసలో, పశువుల సంతలో తీసింది. 'మా తాతలనాటి ఆవు' అని కింద రాసుకున్నాడు. ఆవు మరీ పొట్టిది. వెడల్పాటి ఆడమనిషి ఒకామె వీపు ఇటు తిప్పి, ఆవు తాడు పట్టుకుని నిలబడి ఉంది. ఆ చిన్న తెర మీద అంతకు మించి ఏమీ కంటికి ఆనడం లేదు.

"ఆయమ్మ వాళ్లమ్మ అంట. వడ్ల గాదె మాదిరి ఉండాది."

సిద్ధమ్మ ఫోన్‌ను దూరంగా పట్టుకుని చూసింది.

"ఆవుకు పెట్టే తవుడు గూడా తనే తినింటాది," అంది.

ధనుంజయ నవ్వు ఆపుకుని, "ఏం జెయ్యమంటావన్నా? పట్టీలు పెట్టేదా, లాగేదా?" అని అడిగాడు.

నారాయణప్ప తెర వైపు చూశాడు. తర్వాత తల్లి వైపు చూశాడు. ఆమె చెయ్యి చాపి, సాగిపోయిన చుక్క మెడను తెర మీదే నిమురుతోంది.

"పట్టీలే పెట్టు," అన్నాడు చివరికి. "రాయి రాకుంటే పాయె. మా చుక్క ఎంతుండెనో అంతే సూపించు. అబద్ధం జెప్పి గెలిచేంత తక్కువ ఆవు కాదది."

సిద్ధమ్మ కొడుకు భుజం మీద చెయ్యి వేసింది.

ధనుంజయ పట్టీలు పెట్టాడు. చుక్క మళ్లీ చుక్క అయింది. అప్పుడు అతను, "అన్నా, ఆ కుప్పం వీడియో ఇంగోసారి సూపీ," అని ఫోన్ తీసుకున్నాడు. "ఆవు ఎనక సైకిల్ ఉండాది సూడు. చక్రం గుండ్రంగా లేదు. కోడిగుడ్డును అడ్డంగా పండబెట్టినట్టుండాది."

"అంటే?"

"ఇది గూడా లాగిందే. ఆయప్పే లాగినాడో, ఎక్కించినోడికి పని రాదో. చక్రం గుండ్రంగా అయ్యేదాకా నొక్కితే అసలు ఆవు బయటపడతాది."

వీడియోను కంప్యూటర్‌లో పెట్టి, రెండు పక్కలనుంచీ మెల్లగా నొక్కాడు. చక్రం గుండ్రమైంది. అటూ ఇటూ నలుపు వచ్చింది. ఆవు కాళ్లు లేచాయి, మెడ సాగింది.

"మన చుక్కంత ఉండాదే," అన్నాడు నారాయణప్ప. "ఒక్క బెత్తెడు గూడా తక్కువ లేదు."

ఆవుతోపాటు తాడు పట్టుకున్న మనిషీ మారింది. గాదె పోయింది. సన్నగా, పొడుగ్గా, వీపు వంచని మనిషి మిగిలింది. ఆవు తాడు లాగింది. ఆమె ఒక్క క్షణం ఇటు తిరిగింది. ధనుంజయ వీడియోను అక్కడ ఆపి, బొమ్మను పెద్దది చేశాడు.

సిద్ధమ్మ కళ్లద్దాలు సర్దుకుంది. తెరకు దగ్గరగా వంగి, చాలాసేపు చూసి, మెల్లగా నిటారుగా లేచింది.

"ఆదివారం ఆ వీడియోను గూడా మన పేరు మీదనే ఎయ్యమను నారాయణా," అంది. "చుక్కను ఆ పరసకు తోలుకోని పోయి, తాడు పట్టుకోని నిలబడింది నేనే."