మూరెడు పడవ

మా అనిషినాబే ఆదివాసుల ఊళ్లో బర్చ్ చెట్టు బెరడుతో పడవ కట్టడం తెలిసినవాళ్లెవరూ మిగల్లేదు. ఈ వేసవిలో ఎలాగైనా ఒకటి కట్టి సరస్సులోకి దించాలని నా పంతం. అందుకని మ్యూజియంలో, అమ్మమ్మ వాళ్లమ్మ టూరిస్టులకు చేసి అమ్మిన మూరెడు పడవను, తెల్ల గ్లవుజులు తొడుక్కుని, గుండె ఆపరేషనంత గంభీరంగా మూడు రోజులు కొలిచాను.

నాలుగో రోజు అమ్మమ్మను తీసుకెళ్లి చూపించాను.

"దీన్నా కొలిచావు, తింగరోడా!" అమ్మమ్మ పగలబడి నవ్వింది. "కొన్నోళ్లు దీన్ని చూసి పెద్దది కట్టేసుకోకుండా, మా అమ్మ లోపలి బద్దలు కావాలనే తప్పుగా పెట్టేది. ఈ లెక్కన కడితే ఒడ్డునే మునుగుతావ్!"

నేనూ నవ్వి, కొలతలు రాసుకున్న కాగితం తిరగేశాను. "అయితే అసలు లెక్క నువ్వు చెప్పవే."

అమ్మమ్మ నవ్వు ఆగిపోయింది.

"నాకు నేర్పింది కూడా అమ్మకానికి చేసేవేరా."