గుర్తుపట్టిన గొంతు

రెండు చేతుల్లో టీ గ్లాసులతో అక్క కుట్టుగదిలోకి వచ్చాను. బయట ముసురు, గదంతా మసక. అలవాటు కొద్దీ, "చిన్నీ, లైటు వెయ్యి" అన్నాను.

లైటు వెలిగింది.

"నీ మాట కూడా వింటోందే ఈ డబ్బా!" అక్క మిషను ఆపి నవ్వింది. "చేతులు ఖాళీ లేనప్పుడు భలే సాయం ఇది. మీ ఇంట్లోనూ ఇదేగా?"

ఇదే. పెళ్లయిన కొత్తలో ఆయన తెచ్చాడు. పక్కన కూర్చుని నాచేత పది వాక్యాలు చదివించి, తన ఖాతాలో నా గొంతు దానికి నేర్పించాడు. లైటు వెయ్యడానికి లేవక్కర్లేదని ఎంత మురిసిపోయానో!

బల్ల మీది డబ్బా తియ్యగా పలికింది. "మీ గొంతు గుర్తుపట్టాను. మీరు క్షేమంగా ఉన్నారని, ఈ చిరునామాతో మీవారికి కబురు పంపాను."

అక్క మొహంలో నవ్వు మాయమైంది. లేచి తలుపు గడియ వేసింది.

పొద్దున్నే సిమ్ము విరిచి కాలవలో పడేశాను. మూడు బస్సులు మారి, ఆయనకి తెలియని ఇల్లని, ఒకప్పుడు కుట్టు నేర్పిన ఈ అక్క దగ్గరికి వచ్చాను. చెంప మీద వాపింకా తగ్గలేదు.

"దాని వైరు పీకెయ్యవే!" అంది అక్క.

అది ఇంకా మాట్లాడుతూనే ఉంది. "మీవారు బయలుదేరారు. చీకటిపడే వేళకి చేరుకుంటారు. గుమ్మం లైటు వేసి ఉంచమంటారా?"