మగ్గాల హోరులో మాఫీ

"మాస్కు దించి మాఫీ అడుగు! పెద్దమనిషి ఇజ్జత్ తీసినవ్!" కిరాణా దుకాణం నడిపే కులపెద్ద రఘుపతి మగ్గాల హోరుకు మించి దేవదాస్ మీద అరిచాడు.

మేస్త్రి సోమలింగం గడ్డం కిందే వేలాడే మాస్కును మేకగడ్డమని వెక్కిరిస్తూ మగ్గం కార్మికుడు దేవదాస్ చేసిన వీడియో గోడాదరా బస్తీ అంతా తిరిగింది.

దేవదాస్ మాస్కు దించి, సోమలింగానికి చేతులు జోడించాడు. గొంతు విప్పకుండా పెదవులు కదిపాడు: "ముందుగాల గడ్డం దువ్వుకో, మామా."

ఆ హోరులో పెదవులు చూసే మాట్లాడుకునే మగ్గం కార్మికులు పగలబడి నవ్వారు.

రఘుపతికి అర్థం కాలేదు. "ఏమన్నడు, సోమలింగం?"

ఒకప్పుడు తానూ మగ్గం నడిపిన సోమలింగం, "మాఫీ అడిగిండన్నా. మస్తు మంచిగ అడిగిండు. ఇగ మీరు పోర్రి" అన్నాడు.

రఘుపతి గడప దాటగానే, సోమలింగం తన గడ్డం కింది మాస్కును వేళ్లతో తీరిగ్గా దువ్వుకున్నాడు.