హంసల అంచు

“నేసేసినాక ఇంగేం చెప్తావు? నోరు మూసుకోని మడతబెట్టి ఇయ్యి,” అన్నది బాలనాగమ్మ మళ్ళీ.

“హంసలు ఎనక్కి పోతాండాయి కదత్తా,” అన్నది కోడలు రత్నమ్మ.

మగ్గం మీంచి దింపిన ఎర్ర పట్టుచీర చాప మీద పరిచి ఉంది. అంచు పొడుగునా జరీ హంసలు కొంగుకు వీపు పెట్టి ఎదురు దిక్కుకు నడుస్తున్నాయి.

కొంగు వైపు నడవాలి. చీర చెప్పిన పెనుకొండ గంగులమ్మ అడిగింది అదొక్కటే.

ఆమె చిన్న మనవరాలి పెళ్ళిచీర అది. పెద్ద మనవరాలి చీర మీద హంసలు ఇట్లాగే వెనక్కి నడిచాయట. ఆ పిల్ల నెల తిరక్కుండానే బొట్టు చెరుపుకుని పుట్టింటికి వచ్చింది.

అందుకే గళ్ళ కాగితం మీద బొమ్మ గీయిస్తుంటే గంగులమ్మ దగ్గరే కూర్చుంది. “ఇది ఇట్ల పోవాల,” అని హంస ముక్కు మీద వేలు పెట్టి మరీ చెప్పింది.

ఆ ప్రకారమే రత్నమ్మ మొగుడు సంజీవప్ప అట్టలకు బెజ్జాలు కొట్టించాడు. వరసగా కుట్టి, బెజ్జాల ప్రకారం దారాలు లేపే జకార్డు పెట్టెకు ఎక్కించాడు. చీరంతా నేసి చివర్లో కొంగు నేసేటప్పటి వరస అది.

పడుగు మగ్గం ఎక్కిన రోజే గంగులమ్మ కబురు పంపింది. చూడ్డానికి వస్తాను, ముందు కొంగు నెయ్యండి అని.

పెద్దింటి మనిషి మాట. సంజీవప్ప కొంగు నుంచే మొదలుపెట్టాడు. అట్టల వరస కూడా తిరగేస్తే తప్ప హంసలు కొంగు వైపు నడవవని అతనికి తోచలేదు.

ఆమె వచ్చి కొంగు చూసి మురిసిపోయింది. హంసల అంచు అప్పటికి జానెడు కూడా పడలేదు, అవి ఎటు పోతున్నాయో ఆమె చూడలేదు.

శుక్రవారం ముహూర్తం. ఇంకొకటి నేసే వ్యవధి లేదు. చీర తీసుకెళ్ళడానికి గంగులమ్మ మధ్యాహ్నం రైలుకు వస్తోంది.

“చెప్తే ఏమంటారు? ఈళ్ళ మగ్గం అచ్చిరాదంటారు,” అన్నది బాలనాగమ్మ. “ఇంగెవురు మే మనకు పెళ్ళిచీర చెప్పేది?”

“చెప్పకపోతే ఆ పిల్ల కట్టుకుంటాది.”

“కట్టుకుంటే? అవేమన్నా పులులా, మీదబడి కరిచేకి?”

“అమ్మ చెప్పేది నిజమేలే,” అన్నాడు సంజీవప్ప మగ్గం గుంటలోంచి. పొద్దుటి నుంచి అందులోంచి లేవలేదు. “పీటల మీద కూచున్నాక అంచెవురు చూస్తారు?”

“నువ్వు చూడకనే కదా ఇంతదాకా వచ్చింది.”

అతను తల వంచుకున్నాడు.

రత్నమ్మ చీర అందుకుంది. రాట్నం దగ్గర దారం కండెలు చుడుతున్న కూతుర్ని పిలిచింది.

“యశోదా, ఇట్ల రా మే.”

కొంగు తీసి పిల్ల భుజం మీద వేసింది.

“ఏమీ కాదంటాండావు కదత్తా. ఐతే దీన్ని మన యశోద పెళ్ళికి పెట్టుకుందాం.”

యశోద నవ్వుతూ అంచు చూసుకోబోయింది.

బాలనాగమ్మ లేచిన విసురుకు రాట్నం పక్కకు ఒరిగింది. మనవరాలి ఒంటి మీంచి చీరను గుంజేసింది.

“తియ్యి! తియ్యి మే, ముందు!”

చీర ఆమె చేతుల్లోనే ఉండిపోయింది.

స్టేషను వైపు నుంచి రైలు కూత వినిపించింది.

బాలనాగమ్మ చీరను మెల్లగా మడత పెట్టింది. ఒకసారి యశోద వైపు చూసింది. పైట భుజాల నిండా కప్పుకుంది.

“హంసల సంగతి ఆయమ్మకు నేనే చెప్తా,” అన్నది అందరితోనూ. “మీరెవురూ వాకిట్లోకి రావద్దండి.”