ఫొటోలో మచ్చ

“కొట్టానే! ఒక్క అక్షరం పడితే ఒట్టు. మీటలు చచ్చిపోయాయి,” అంది టైలరమ్మ, బల్ల మీద స్పీకరు పెట్టి ఉంచిన ఫోనుతో.

“చావలేదమ్మా. మళ్లీ కొట్టు,” అంది ఫోనులోంచి కూతురు.

టైలరమ్మ పాస్‌వర్డు మళ్లీ కొట్టింది. కంప్యూటరు నల్లటి తెర మీద ఏమీ రాలేదు. కీబోర్డు బోర్లించి వీపు మీద రెండు తట్టింది. దారప్పోగులు, ఓ గుండుసూది, ఎప్పుడో పోయిందనుకున్న చొక్కా గుండీ రాలాయి. పాస్‌వర్డు మాత్రం రాలేదు. చేతిలో ఉన్న విద్య ఊరుకుంటుందా? కుట్టుమిషను నూనె డబ్బా తీసి మీటల సందుల్లో రెండు చుక్కలు పిండింది.

“ఇప్పుడు కాస్త మెత్తబడ్డాయే.”

“ఏం చేశావ్?”

“నూనె వేశాను.”

ఫోనులో నెత్తి కొట్టుకున్న చప్పుడు వినిపించింది.

“అమ్మా, ఈ కంప్యూటర్ని నడిపే లినక్సులో పాస్‌వర్డు కొడుతుంటే కనిపించదు. పక్కనున్నవాళ్లు చూడకుండా అలా పెట్టారు. నీకు కనబడకపోయినా దానికి అందుతుంది. కొట్టేసి ఎంటర్ నొక్కు.”

“ఈ ముక్క ముందే చెప్తే నోరు నొప్పెడుతుందా?”

“దానికి పాస్‌వర్డు ఎందుకే అసలు?” అంది, కింద చాప మీద కూర్చుని జాకెట్టుకి హుక్కులు కుడుతున్న అత్తగారు.

“కొత్త సాఫ్ట్‌వేరు పెట్టాలంటే యజమాని అనుమతి కావాలిట అత్తయ్యా.”

“మరి అడగాల్సింది నన్ను కదూ?”

టైలరమ్మ విననట్టు ఎంటర్ నొక్కింది. రేపు పెళ్లిరోజు. పెళ్లయిన కొత్తలో తీసిన ఫొటోకి ఫ్రేము కట్టించి ఆయన ముందు పెట్టాలని ఆవిడ ఆశ. ఫ్రేములతను కొట్టు కట్టేసేలోపు పని తెమలాలి. చిక్కల్లా ఒక్కటే. ఫొటోలో ఈ చివర ఆయన, ఆ చివర తను, నడుమ నిండుగా అత్తగారు. అందుకే ఫొటోని కంప్యూటర్లోకి ఎక్కించి, ఈ బొమ్మలు దిద్దే ఉచిత సాఫ్ట్‌వేరు పెట్టుకుంటోంది. నడిమి మనిషిని తీసేసి, రెండు ముక్కలూ దగ్గరికి లాగి అతికేస్తే సరి. తన భుజం మీద కనిపించే వేళ్లు మాత్రం చెదరకూడదు. నలుగురిలో ఆయన తన మీద చెయ్యి వేసింది ఆ ఒక్కసారే. “అమ్మకి తెలియకుండా వెనకనుంచి వేశాను,” అని ఇప్పటికీ మీసం మెలేసి చెప్పుకుంటారు.

తెర మీద అక్షరాలు చీమల బారులా పరిగెత్తి ఆగాయి. మూతిలో కుంచె కరుచుకున్న జంతువు బొమ్మ ఒకటి ప్రత్యక్షమైంది.

“వచ్చేసిందే!” అని టైలరమ్మ చంద్రుడి మీదికి రాకెట్టు పంపినంత సంబరపడింది.

“ఆ నక్కేమిటే?” అత్తగారు లేచి వచ్చి, తెర మీద చిటికెన వేలు పెట్టి మరీ అడిగింది. చిన్నప్పుడు తలుపు సందులో నలిగిన వేలది, కొక్కెంలా వంకర.

“ఇక నానమ్మని ఎలా తీసెయ్యాలో చెప్తా,” అంది ఫోను, ఇల్లంతా వినిపించేట్టు.

“ఎవర్నే తీసేసేది?”

“మచ్చ అత్తయ్యా. ఫొటో మధ్యలో పేద్ద మచ్చ పడింది.”

“ఓహో, మచ్చా,” అని ఆవిడ వెళ్లి మళ్లీ సూది అందుకుంది.

“ముందు ఇందులో ఫొటో తెరిచి నాన్న చెయ్యి పెద్దది చేసుకో. వేళ్ల అంచు తెగకూడదు,” అంది కూతురు.

టైలరమ్మ పెద్దది చేసింది. ఇంకాస్త చేసింది. తెర నిండా తన భుజం, దాని మీద వేళ్లు. చివరి వేలు కొక్కెంలా వంకర.

ఆవిడ చాప వైపు చూసింది. మళ్లీ తెర వైపు చూసింది. ఆయన చొక్కాలన్నీ కుట్టేది తనే. అంతటి అత్తగారిని చుట్టి వచ్చి తన భుజం అందుకోవాలంటే ఆ చెయ్యి ఎంత పొడుగుండాలో, రోజూ జనం చేతులకి టేపు పెట్టే తనకి ఇన్నేళ్లూ తట్టనేలేదు. ఊళ్లోవాళ్ల కొలతలన్నీ తీసింది, ఇంట్లో కోతలు మాత్రం కొలవలేదు.

“గీత గీశావా అమ్మా?”

“అక్కర్లేదులే. ఇది చేత్తో అయ్యే పని,” అని ఫోను కట్టేసి, అసలు ఫొటో బయటికి తీసింది.

కాసేపటికి అత్తగారు తలెత్తకుండానే అడిగింది. “ఏమే, మచ్చ పోయిందా?”

“పోయింది అత్తయ్యా. మధ్యలో కాదు, ఓ చివర ఉంది. కత్తెరకే పోయింది.”

అత్తగారు కళ్లజోడు సవరించుకుని, కోడలు ఒళ్లో పెట్టిన ఫొటో చూసింది. అందులో అత్తాకోడళ్లు ఇద్దరే ఉన్నారు.